అచ్చం ఆవిడలాగే

కంప్యూటరు తెర మీద మనం రోజూ చూసే పెట్టెలూ, వాటిలోని బటన్లూ, పేరు రాసుకునే గళ్ళూ ఎవరో ఒకరు కూర్చుని చెయ్యందే రావు. ఆ పనినే నమ్ముకుని బతుకుతున్న మనిషి ఆమె. తెర మీది పెట్టెను ఆ పనివాళ్ళు కిటికీ అంటారు కాబట్టి, ఆఫీసులో పిల్లలంతా ఆమెను కిటికీలక్క అనేవారు. మొదట చాటుగా అన్నారు, తర్వాత మొహం మీదే అన్నారు, చివరికి యజమాని కూడా ఆ పేరుతోనే కబురు పెట్టేవాడు. ఆమె ఏమీ అనుకోలేదు. సొంత ఇంట్లో ఒక్క కిటికీకీ సరైన తెర లేదు గాని లోకానికంతా కిటికీలు చేసిపెడుతోందని మొగుడే వేళాకోళం చేసేవాడు.

ఆ మొగుడు లిఫ్టు మెకానిక్కు. దారిన పోతూ ఎక్కడైనా లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు వినబడితే ఆగి, తల పక్కకు వంచి, "దీనికి నూకలు చెల్లాయి" అనేవాడు. మాటకారి. పెళ్ళాన్ని "ఏమోయ్" అనేవాడు, ఆమె "ఏవండీ" అనేది. కాలేజీలో కొత్తగా చేరిన కూతురితో కలిసి ముగ్గురూ నాలుగో అంతస్తులో రెండు గదుల వాటాలో ఉండేవారు.

ఆమె కంపెనీ చిన్నది. చెవుడు పరీక్షించే కేంద్రాలకు ఒక ప్రోగ్రాము తయారుచేసి అమ్మేది. పరీక్షకు వచ్చిన మనిషి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చప్పుడు జొరబడని గదిలో కూర్చుంటాడు. బయట టెక్నీషియన్ తెర మీద బటను నొక్కితే లోపల సన్నటి మోత వినిపిస్తుంది. ఎంత సన్నటి మోతదాకా విన్నాడో తెర మీద గీత పడుతుంది. ఆ ప్రోగ్రాము ఒకే రకం కంప్యూటరు మీద నడిచేది. ఇప్పుడు కేంద్రాల్లో మూడు రకాలు వచ్చిపడ్డాయి.

"మూడుసార్లు రాసే ఓపిక మనకు లేదమ్మా," అన్నాడు యజమాని. "ఒకసారి రాస్తే మూడింటి మీదా నడిచేలా కిటికీలు కట్టే టూల్‌కిట్లు ఉన్నాయంటున్నారుగా. నాలుగు తీసుకో. ఒకటే కిటికీ నాలుగింటిలోనూ చేసి చూడు. ఏది మంచిదో నువ్వే తేల్చు."

ఆ నాలుగింటికీ అసలు పేర్లు వేరే ఉన్నా ఆమె తన వాడుకకు ముద్దుపేర్లు పెట్టుకుంది. మొదటిది 'ఊరిది'. ఏ మిషను మీదికి వెళ్తే ఆ మిషను దగ్గరున్న బటన్లనే అడిగి తెచ్చుకుంటుంది. అందుకని మూడుచోట్లా మూడు రకాలుగా ఉంటుంది గాని ఎక్కడికక్కడ సొంతమనిషిలా ఉంటుంది. రెండోది 'వేషగాడు'. ఎవరినీ ఏమీ అడగడు, అన్నీ తనే గీసుకుంటాడు, కాని ఆ మిషను బటన్లను చూసి అచ్చు దించేస్తాడు. మూడోది 'మూటగాడు'. ఒక బ్రౌజరును మొత్తంగా మూటగట్టి వీపున వేసుకుని తిరుగుతాడు. పని త్వరగా తెములుతుంది గాని చిన్న కిటికీ తెరవాలన్నా ఆ బరువంతా మోసుకొస్తాడు. నాలుగోది 'తనదారి'. అదీ అన్నీ తనే గీసుకుంటుంది, కాని ఎవరినీ అనుకరించదు. నేనింతే, అలవాటు పడండి అన్నట్టుంటుంది.

ఊరిది పూర్తయి వేషగాడు మొదలైన రోజుల్లోనే ఫోను వచ్చింది. ఏదో భవనంలో మొగుడు లిఫ్టు గోతిలో పడ్డాడు. తల కుడివైపు దెబ్బ తగిలింది.

ప్రాణానికి భయం లేదన్నారు. కొన్నాళ్ళకు స్పృహ బాగా వచ్చింది. కూతుర్ని చూడగానే "పాపా" అన్నాడు, కన్నీళ్ళు పెట్టుకున్నాడు. తనతో పనిచేసేవాళ్ళను పేరుపేరునా పలకరించాడు. ఆమె మంచం దగ్గరికి వెళ్తే మాత్రం మర్యాదగా తల ఊపాడు. మందుల మత్తు అనుకుంది ఆమె.

ఇంటికి తెచ్చిన రోజు భుజం పట్టుకోబోతే, "మీరు ఇబ్బంది పడకండి, నేను నడవగలను," అన్నాడు. పాత వేళాకోళమే అనుకుని ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. ఇంట్లోకి వచ్చాక ఆమె స్నానానికి తువ్వాలు తీసుకోబోతుంటే లేచి వచ్చి, దాన్ని మెల్లిగా ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"ఇది మా ఆవిడదండీ. మీకు వేరేది ఇస్తాను," అని బీరువాలోంచి కొత్తది తీసి ఇచ్చాడు.

ఆమె ఆ కొత్త తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏవండీ, నన్ను గుర్తుపట్టలేదా?"

"గుర్తుపట్టకేమండీ. మీరు అచ్చం మా ఆవిడలాగే ఉన్నారు."

"లాగే ఏమిటి? నేనే కదా."

అతను దగ్గరికి వచ్చి, కొత్తగా బిగించిన మోటారును చూసినట్టు ఆమె మొహాన్ని పరీక్షగా చూశాడు. "చెవి కింద పుట్టుమచ్చ కూడా పెట్టారు," అన్నాడు మెచ్చుకోలుగా. "ఎవరు చేశారో గాని చాలా శ్రద్ధగా చేశారు."

"ఎవరు చేస్తారండీ?"

"అదే నాకూ అంతుబట్టడం లేదు."

గొంతులో కోపం లేదు. బస్సులో పక్క సీటు ఆవిడతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

తల డాక్టరు అంతా విని, దానికి పొడుగాటి పేరొకటి చెప్పాడు. ఆమెకు నోరు తిరగలేదు. "మొహాన్ని గుర్తుపట్టే చోటు బాగానే ఉందమ్మా. ఆ మొహం చూడగానే మనవాళ్ళన్న ఆప్యాయత పొంగాలి కదా, ఆ దారి తెగింది. కళ్ళు నా భార్యే అంటాయి, మనసు ఉలకదు పలకదు. దానికి బుర్ర ఓ కారణం కల్పించుకుంటుంది. వాదించకండి. వాదించినకొద్దీ మీమీద అనుమానం పెరుగుతుంది."

"మరి పాపను గుర్తుపడుతున్నారుగా?"

"ఒక్కోసారి ఒక్క మనిషికే వస్తుంది. బాగా దగ్గరి మనిషికే వస్తుంది."

దగ్గరి మనిషిననే సంతోషపడాలో, ఏడవాలో ఆమెకు తెలియలేదు.

అతను హాల్లో పడుకునేవాడు. పెళ్ళాం లేనప్పుడు పరాయి ఆడమనిషి ఉన్న గదిలో పడుకోవడం మర్యాద కాదనుకున్నాడు. ఆమె కూతురి గదిలో సర్దుకుంది. ఆమె దువ్వెన, చెప్పులు, చదువుకునే కళ్ళద్దాలు అతను ఒక సంచిలో సర్ది బీరువాలో పెట్టి తాళం వేశాడు. 'ఆవిడ' వస్తే అడుగుతుందని. ఆమె తన సొంత ఇంట్లోనే కొత్త దువ్వెన కొనుక్కుంది. అతను ఆమెను మీరు అంటున్నాడు, ఆమె అతన్ని ఎటూ మీరనే అంటుంది. "మీ ఇద్దరి మధ్యా కూర్చుంటే ఎవరిదో ఇంటర్వ్యూ జరుగుతున్నట్టుంది," అంది కూతురు ఒకసారి. ముగ్గురిలో ఎవరికీ నవ్వు రాలేదు.

ఆఫీసులో వేషగాడు పూర్తయింది. మూడు మిషన్లు పక్కపక్కన పెట్టి, కిటికీలు తెరిచి, పిల్లలను పిలిచింది. వాళ్ళు అటూ ఇటూ నొక్కి చూశారు.

"అన్నీ ఉన్నాయక్కా," అన్నాడొకడు. "అయినా ఎక్కడో తేడా కొడుతోంది."

"ఎక్కడ?"

"అదే చెప్పలేకపోతున్నా."

ఆమె వెతికింది. 'సరే', 'వద్దు' అనే బటన్లు ఒక మిషనులో కుడి ఎడమలుగా ఉంటే మరో మిషనులో తారుమారుగా ఉంటాయి. ఒకచోట తన కిటికీలో అవి తప్పు వరసలో ఉన్నాయి. సరిచేసింది. నొక్కినప్పుడు బటను రంగు ఒక పిసరు ముదురుగా ఉంది. సరిచేసింది. జాబితాను చివరిదాకా జరిపితే అసలుదైతే కొంచెం సాగి వెనక్కి వస్తుంది, ఇది టక్కున ఆగుతోంది. అదీ సరిచేసింది. మళ్ళీ పిలిచింది. వాళ్ళు మళ్ళీ నొక్కి చూసి, మళ్ళీ మొహాలు చూసుకున్నారు.

ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడి ఆమె తనలోనూ అదే వెతకడం మొదలుపెట్టింది. ఆస్పత్రిలో తిరిగిన రోజుల్లో బుగ్గలు లోపలికి పోయాయి. పాపిడి ఇదివరకు ఇటువైపు తీసేదా, అటువైపా? హాల్లో గోడ మీద ఇద్దరి ఫొటో ఒకటి ఉంది. అందులో ఆమె నీలం శాలువా కప్పుకుని నవ్వుతోంది. ఆ నవ్వుతున్న మనిషిని ఎంతసేపు చూసినా, ఇది నేను అన్న భావం ఆమెకే కలగలేదు.

మర్నాడు ఉదయం పాపిడి ఆ ఫొటోలో ఉన్నట్టే తీసుకుని, అదే శాలువా వెతికి కప్పుకుని, అదే నవ్వు తెచ్చిపెట్టుకుని అతనికి కాఫీ పట్టుకెళ్ళింది.

అతను గ్లాసు అందుకోబోయి ఆగాడు. ఫొటో వంక చూశాడు, ఆమె వంక చూశాడు. కుర్చీ ఒక అడుగు వెనక్కి జరుపుకున్నాడు.

"ఇవాళ ఇంకా దగ్గరగా చేశారు," అన్నాడు. "ఎందుకండీ ఇదంతా? మిమ్మల్ని నేనేమన్నాను?"

ఆమె లోపలికి వెళ్ళి శాలువా విప్పేసింది. దాన్ని నాలుగు మడతలు పెట్టింది. కూతురు తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"అమ్మా," అంది కాసేపయ్యాక, ఏదో మామూలు మాటలాగా. "చిన్నప్పుడు నేను నీమీద అలిగి దాక్కునేదాన్ని చూడు. ఎక్కడ?"

ఆమె ఆలోచించింది. మంచం కింద అనబోయింది. కాదేమో. బీరువా వెనక అనబోయింది. అదీ కాదేమో.

"గుర్తు రావడం లేదే."

పిల్ల మొహంలో ఏదో కదిలి ఆగింది. "నాకూ సరిగ్గా గుర్తులేదులే," అంది. ఆ వారమంతా ఆ పిల్ల గోడవైపు తిరక్కుండా, ఆమెవైపే మొహం పెట్టి పడుకుంది.

అతను ఆస్పత్రి నుంచి వచ్చాక ఆఫీసు నుంచి ఆమె ఇంటికి ఒక్కసారీ ఫోను చెయ్యలేదు. మందుల సంగతి కూతురే కనుక్కునేది. ఒకరోజు కూతురికి పరీక్ష ఉండి కుదరక, మధ్యాహ్నం ఆమే చేసింది.

"ఏవండీ, మందు వేసుకున్నారా?"

అవతల బిగబట్టిన ఊపిరి వదిలిన చప్పుడు.

"ఏమోయ్," అన్నాడతను. "ఎక్కడున్నావు నువ్వు ఇన్నాళ్ళూ?"

ఆమె పక్కనున్న జిరాక్సు మిషను మీద చెయ్యి ఆనించింది. "ఇక్కడే. ఆఫీసులో ఉన్నాను."

"ఇంటికి రానివ్వడం లేదా వాళ్ళు?" అతను గొంతు తగ్గించాడు. "చెప్తే నమ్మవు. మనింట్లో ఎవరో ఒకావిడ ఉంటోంది. అచ్చం నీలాగే. పొద్దున్నే వెళ్తుంది, పొద్దుగూకేసరికి వస్తుంది. పాప కూడా అమ్మా అమ్మా అంటోంది. పిల్ల బెదిరిపోతుందని నేనేమీ అనడం లేదు."

"ఆవిడ మిమ్మల్ని ఏమైనా అంటోందా?"

"లేదులే, పాపం మంచిదే. వంట కూడా నీలాగే చేస్తుంది, ఉప్పు తక్కువ." కాస్త ఆగాడు. "నువ్వు రా. ఆవిడ లేనివేళ చూసుకుని రా."

సాయంత్రం ఇంటికి వెళ్తే అతనే తలుపు తీశాడు. "వచ్చారా అండీ," అన్నాడు. చాటుగా ఎవరితోనో మాట్లాడి, ఆ సంగతి బయటపడకుండా జాగ్రత్తపడుతున్న మొగవాడి మొహం అది. ఆమె అంతకుముందెన్నడూ ఆ మొహం చూడలేదు.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం ఫోను. ఆమె మెట్లదారిలోకి వెళ్ళి మాట్లాడేది. అతను నవ్వేవాడు, విసుక్కునేవాడు, పాత సంగతులు తవ్వేవాడు. ఇంట్లో ఉన్న 'ఆవిడ' గురించి కబుర్లన్నీ చెప్పేవాడు. నడిచేటప్పుడు చప్పుడు చెయ్యదట. అద్దం ముందు ఎక్కువసేపు నిలబడుతుందట. ఒకసారి వంటింట్లో ఒంటరిగా ఏడుస్తుంటే చూశాడట. "ఆవిడకీ ఎవరో ఉండే ఉంటారు, ఎక్కడో," అన్నాడు జాలిగా. ఆమె సాయంత్రం ఆ ఇంట్లోకి అడుగుపెడుతూ, చప్పుడయ్యేలా నడవడానికి ప్రయత్నించేది. తన మీద తనే చాడీలు విని, వాటికి తగ్గట్టు దిద్దుకుంటున్నట్టుండేది. డాక్టరు మాత్రం ఆశ్చర్యపోలేదు. గొంతు వెళ్ళే దారి వేరు, అది తెగలేదు అన్నాడు.

ఆ రోజుల్లోనే మేస్టారు ఆఫీసుకు వచ్చాడు. చూపులేనివాళ్ళకు కంప్యూటరు నేర్పే పెద్దమనిషి, ఆయనకూ చూపు లేదు. కొన్ని కేంద్రాల్లో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు టెక్నీషియన్లుగా ఉన్నారు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రాము ఒకటి ఉంటుంది, దాని సాయంతోనే వాళ్ళ పని. నాలుగు కిటికీలూ ఆయన చేత పరీక్ష చేయించాలని ఆమె పిలిచింది.

ఊరిదాన్ని ఆ ప్రోగ్రాము మొత్తం గడగడా చదివేసింది. వేషగాడు, మూటగాడు కూడా కొంచెం తడబడినా దారిలో పడ్డారు. తనదారి దగ్గర మాత్రం యంత్రపు గొంతు "కిటికీ" అని ఊరుకుంది. మేస్టారు మీటలు అటూ ఇటూ నొక్కాడు.

"ఇందులో ఏమీ లేదమ్మా."

"ఉందండీ. గీత ఉంది, బటన్లున్నాయి. నాలుగింటిలోకీ ఇదే అందంగా ఉంది." చెప్తుండగానే ఆమెకు తట్టింది. ఏ బటను పేరేమిటో ఆ చదివే ప్రోగ్రాముకు చెప్పే పని తను తొందరలో వదిలేసింది.

"ఉండొచ్చు. నా మటుకు ఖాళీ గది," అన్నాడు మేస్టారు. "మనుషులైనా నాకంతేనమ్మా. గొంతు వినబడితే మనిషి. మొహం అనేది మీరంతా చెప్పుకునే మాట."

ఆ మాట ఆమెను పట్టుకుంది. రెండు రోజులు అదే ఆలోచన. మూడోరోజు మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికి బయల్దేరింది. కింద గుమ్మం దగ్గర నిలబడి ఫోను చేసింది. లిఫ్టులో ఫోను తెగిపోతుందని మెట్లెక్కసాగింది.

"ఏమిటోయ్, ఆయాసపడుతున్నావ్?"

"మెట్లెక్కుతున్నానండీ."

"మన మెట్లా?"

"మన మెట్లే."

అతని గొంతు పిల్లవాడిదిలా అయిపోయింది. "ఆవిడ ఇప్పుడే రాదు. త్వరగా రా."

"ఒక్క మాట వినండి. తలుపు గడియ తీసి, వెళ్ళి కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకోండి. నేను చెప్పేదాకా తెరవకండి."

"ఎందుకూ?"

"చిక్కిపోయాను. చూస్తే బెంగపడతారు."

తలుపు చేరవేసి ఉంది. అతను కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. ఆమె మాట్లాడుతూనే వెళ్ళి పక్కన కూర్చుంది, ఫోను పక్కన పెట్టింది, చెయ్యి పట్టుకుంది.

"చల్లగా ఉంది నీ చెయ్యి," అన్నాడు.

చాలాసేపు కూర్చున్నారు. అతను ఆమె వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసుకున్నాడు. గోతిలో పడేముందు తనకు ఏం వినిపించిందో చెప్పాడు, అంతవరకూ ఎవరికీ చెప్పలేదట. చీకట్లో కిందనుంచి ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయితే వంగి చూశాడట. ఆమెకు గుండె నిండిపోయింది. ఇక్కడితో ఆగి లేచి వెళ్ళిపోయి ఉంటే, మర్నాడు మళ్ళీ ఇలాగే వచ్చి ఉండొచ్చు. కాని మనిషికి ఆశ చావదు.

"ఇప్పుడు మెల్లిగా తెరవండి," అంది. "నేను మాట్లాడుతూనే ఉంటాను. గొంతు వింటూ తెరవండి." అని, పెళ్ళయిన కొత్తలో అద్దెకున్న గది గురించి, దాని కారే కప్పు గురించి నోటికి వచ్చింది చెప్పుకుంటూ పోయింది.

అతను కళ్ళు తెరిచాడు. ఆమె పెదవులు కదలడం చూశాడు. అతని చెయ్యి ఆమె చేతిలోంచి కొంచెం కొంచెంగా, పరాయివాళ్ళ వస్తువు మీద పొరపాటున పడిన చేతిలాగా వెనక్కి వెళ్ళిపోయింది.

"గొంతు కూడా వచ్చేసిందన్నమాట మీకు," అన్నాడు.

ఆమె మాట్లాడ్డం ఆగిపోయింది.

"ఆవిణ్ణి ఏం చేశారండీ?"

అరవలేదు. అడిగి, జవాబు కోసం ఓపికగా ఎదురుచూశాడు. ఆ ఎదురుచూపు ముందు ఆమె కూర్చోలేకపోయింది. లేచి వంటింట్లోకి వెళ్ళి, గోడకు చేరబడి, కూతురు వచ్చేదాకా అక్కడే ఉంది.

ఆ తర్వాత మధ్యాహ్నాలు ఫోను చేస్తే "మీరేనని తెలుసండీ" అని పెట్టేసేవాడు. కొన్నాళ్ళకు ఎత్తడమే మానేశాడు. మిగిలిన ఒక్క దారినీ ఆమె చేజేతులా మూసేసుకుంది. ఇంట్లో అతను ఆమెకు వెన్ను చూపేవాడు కాదు. గది మారితే తలుపు తెరిచే ఉంచేవాడు. ఆమె పెట్టిన కంచంలోంచి కూతురు ఒక ముద్ద తిన్నాకే తినేవాడు.

ఒక సాయంత్రం ఆమె ఆఫీసు నుంచి వచ్చి, సంచి కూడా దించకుండా హాల్లో కుర్చీలో కూలబడింది. ఎదురుగా అతను.

"మీరు నిజానికి ఎవరండీ?" అన్నాడు. రోజూ అడిగేదే. "చెప్పండి, నేను ఎవరికీ చెప్పను."

రోజూ అయితే, నేనేనండీ అనేది. ఆవేళ ఓపిక లేకపోయింది.

"కంప్యూటర్లలో కిటికీలు చేస్తానండీ," అంది. "ఒకే కిటికీని నాలుగు రకాలుగా చేస్తున్నాను. ఏది మంచిదో తేల్చమన్నారు. తేలడం లేదు. అలిసిపోయాను."

అతను ఆమెను కొత్తగా చూశాడు. లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. "మా ఆవిడదీ అదే పనండీ. కాని ఏం చేస్తావని నేనెప్పుడూ అడగలేదు. ఎలా ఉంటాయవి?"

నిజమే, అడగలేదు. ఆమె సంచిలోంచి లాప్‌టాప్ తీసి నాలుగు కిటికీలూ చూపించింది. అతను ఒక్కొక్క బటనూ నొక్కి చూశాడు. లిఫ్టులో తలుపు మూసే బటను చాలాచోట్ల ఉత్తుత్తిదేనని, నొక్కేవాడి ధైర్యం కోసమే పెడతారని చెప్పాడు. ఆమెకు నవ్వు వచ్చింది. అతనూ నవ్వాడు. వేషగాడి దగ్గరికి వచ్చేసరికి వేలు వెనక్కి తీసుకున్నాడు.

"ఇది వద్దండీ. చూస్తే ఒళ్ళు జలదరిస్తోంది."

"ఎందుకు?"

"ఏమో. అసలుదానిలాగే ఉంది."

ఆ రోజునుంచి ఆమె తను ఎవరో చెప్పడం మానేసింది. తను 'ఆవిడ' కాదనీ అనలేదు. ఏం చేసిందో, ఏం చూసిందో, ఆఫీసులో ఎవరు ఏమన్నారో చెప్పేది. అతను వినేవాడు, అడిగేవాడు. కొంతకాలానికి తినేముందు కూతురి వైపు చూడటం మానేశాడు. ఇంకొంతకాలానికి వెన్ను తిప్పి కూర్చోసాగాడు. గోతుల్లోకి దిగే పని కుదరదు గాని, లిఫ్టు కంపెనీవాళ్ళు బల్ల దగ్గర కూర్చుని తలుపు మోటార్లు బాగుచేసే పని ఇచ్చారు. వెళ్తూ "వస్తానండీ" అని చెప్పి వెళ్ళేవాడు.

ఆఫీసులో ఆమె ఊరిదానివైపు మొగ్గింది. యజమాని ఒప్పుకోలేదు. మన ప్రోగ్రాములో సగం గీతలే, గీతలు గియ్యడంలో వేషగాడిది తిరిగిన చెయ్యి, మూడుచోట్లా మూడు రకాలుగా ఉంటే శిక్షణ ఇచ్చేవాళ్ళు గోల పెడతారన్నాడు. అందులో న్యాయం ఉంది. ఆమె కాదనలేకపోయింది. ఒక్కటి మాత్రం పట్టుబట్టి సాధించుకుంది. వేషగాడినే వాడదాం గాని వేషం వద్దంది. ఏ మిషనునూ అనుకరించకుండా, తనకంటూ సాదా బట్టలు వేసి, ప్రతి బటనుకూ వినిపించే పేరు పెట్టింది. పిల్లలు నొక్కి చూసి, బావుందక్కా అని ఊరుకున్నారు. తేడా ఎక్కడో వెతుక్కోలేదు. మేస్టారు చివరిదాకా విని, "ఇంట్లో మనుషులున్నారు," అన్నాడు.

ఆ ప్రోగ్రాము మొదటి కేంద్రానికి వెళ్ళిన నెలలోనే, ఒక ఆదివారం సాయంత్రం, అతను కూతుర్ని బాల్కనీలోకి పిలిచాడు. ఆమె వంటింట్లో ఉంది. తలుపు తెరిచే ఉంది కాబట్టి అంతా వినిపించింది.

"పాపా, నీతో ఒక మాట," అన్నాడతను. "మీ అమ్మ ఇంక వచ్చేలా లేదు. వస్తే కాళ్ళమీద పడి చెప్పుకుంటాను. ఈవిడ మంచి మనిషి. నాకు ఈవిడంటే... ఇష్టం కలుగుతోంది. ఈ వయసులో ఇదేమిటని నువ్వు అనుకోవచ్చు. నువ్వు వద్దంటే ఇక్కడితో ఆపేస్తాను."

పిల్ల తండ్రి భుజం మీదుగా వంటింటి గుమ్మంలో నిలబడ్డ తల్లిని చూసింది. ఇద్దరి చూపులూ కలిశాయి.

"నాకేం అభ్యంతరం లేదు నాన్నా," అంది. "నాకూ ఆవిడంటే ఇష్టమే."

"మీ అమ్మ ఏమనుకుంటుందో."

"ఏమీ అనుకోదు."

అని, నెమ్మదిగా లోపలికి వచ్చి, స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని కొళాయి తిప్పింది.

అతను వంటింట్లోకి వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకున్నాడు. "పాప ఒప్పుకుందండీ," అన్నాడు, నేలవైపు చూస్తూ.

పెళ్ళిచూపుల్లో కూడా అదరనంతగా ఆమె గుండె అదిరింది. మరుక్షణమే, ఈ ఇంట్లోంచి ఎవరినో శాశ్వతంగా పంపించేస్తున్నారనీ, ఆ పంపేవాళ్ళలో తనూ ఒకతెననీ అనిపించింది. అతను ద్రోహం చేస్తున్నది తనకే, చేస్తున్నది తనతోనే. ఎవరి పక్షాన ఏడవాలో ఆమెకు తోచలేదు. ఎదురుగా నిలబడ్డ మనిషి మాత్రం ఆమె జవాబు కోసం, ఆ మధ్యాహ్నం ఎదురుచూసినట్టే ఓపికగా ఎదురుచూస్తున్నాడు. ఈసారి ఆ కళ్ళలో భయం లేదు, సిగ్గు ఉంది.

"కూర్చోండి," అంది ఆమె. "పాప బయటికి రానివ్వండి. ముగ్గురం కలిసి భోంచేద్దాం."

అతను తల ఊపి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె స్టవ్వు ఆపి, అతనికి ఎదురుగా కాకుండా, ఆ ప్రమాదం తర్వాత భోజనాల బల్ల దగ్గర మొదటిసారిగా అతని పక్కన కూర్చుంది. లోపల కొళాయి నీళ్ళు చాలాసేపు పోతూనే ఉన్నాయి.